ముక్కుగారు

హోటల్లో వైను పోసే ఆయన్ని అందరూ ముక్కుగారనే పిలుస్తారు. గ్లాసును తెల్లగుడ్డ ముందు వంచి, అంచున, వైను వయసు చెప్పే ఇటుకరంగు తేలిందో లేదో చూస్తాడు. తర్వాత పసిపిల్లను ముద్దాడబోయినట్టు కళ్ళు మూసుకుని ముక్కు లోపల పెడతాడు. ఆ ముక్కుకు వాసన తెలియడం నాలుగు నెలల కిందటి జ్వరంతోనే పోయింది. ఎవరికీ చెప్పలేదు. రోజువారీ సీసాలకు పాత మాటలే అప్పజెప్పి నెట్టుకొచ్చాడు. మొన్న ఒకాయన, కూతురు పుట్టిన ఏడాదే కొని పాతికేళ్ళు దాచిన ఎర్ర వైను తెచ్చి, ఆమె ముందే మూత తీయించాడు. ముక్కుగారు రంగు చూసి, "ఎండిన నేరేడు, కాస్త పొగాకు. బాగా పండిందండీ" అన్నాడు. తండ్రి ఒక గుటక మింగి, మొహం సర్దుకుని, "మీరన్నట్టే ఉంది" అన్నాడు. కూతురు మాత్రం తన గ్లాసు మెల్లగా పక్కకు జరిపింది.

అది ముక్కుగారి కంటపడింది. సీసా పట్టుకెళ్ళి గ్లాసులు కడిగే ఆవిడ ముందు పెట్టాడు. "అక్కా, వాసన చూడు."

"ఉత్త వెనిగర్. మొన్న పాలు మాడి వంటగదంతా కంపు కొడుతుంటే పక్కనే నిలబడి ఈల వేసుకున్నావు. నీ సంగతి అప్పుడే తెలిసింది తమ్ముడూ. నువ్వే చెబుతావని ఊరుకున్నా."

ఆయన తిరిగి వెళ్ళేసరికి తండ్రి తన గ్లాసు ఖాళీ చేసి, మర్యాదకు మళ్ళీ ముందుకు జరిపాడు. ముక్కుగారు సీసా వెనక్కి పెట్టుకుని, "వద్దండీ, అది పాడైంది. నాకు వాసన తెలియదు" అన్నాడు, ఆ కూతురి వైపు చూడలేక.