ఇర్పె అనే పేరు

పోయిన వారం బారసాల కార్డు ఒకటి వచ్చింది. కవరు చింపగానే పసుపు వాసన గుప్పుమంది. కార్డు మధ్యలో బంగారు రంగు అక్షరాల్లో పాప పేరు వేశారు: ఇర్ప. అరుదైన పేరు కదా, అందరికీ తెలియాలని కాబోలు, కింద చిన్న అక్షరాల్లో అర్థం కూడా ఇచ్చారు: వనపుష్పం. పాప మా వరలక్ష్మి టీచరుగారి మనవరాలు. పేరు నాది, ఇర్పె. చివరి అక్షరం మాత్రం కొంచెం నునుపు చేశారు. ఆ కార్డు పట్టుకుని ఆసుపత్రి డ్యూటీ గదిలో చాలాసేపు కూర్చుండిపోయాను. చాయ్ చల్లారిపోతోందని ఎవరో చెప్పి వెళ్ళారు.

మాది గొల్లపల్లి వైపు అడవిలో ఒక దోర్ల గిరిజనుల పల్లె. మా భాషలో ఇర్పు అంటే ఇప్పపువ్వు. అమ్మ పూలు ఏరుతుండగా నొప్పులొచ్చి, ఆ చెట్టు కిందే నన్ను కన్నది. మా పల్లెలో ఆడపిల్లకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం మామూలు. ఇంటికొక బుద్రి, ఒక మంగ్లి, ఒక సోమ్డి ఉండేవారు. బుధవారం పుట్టాను కనుక నేనూ బుద్రినే కావాలి. నానమ్మ ఒప్పుకోలేదట. "బుద్రీ అని పిలిస్తే ఆరుగురు పలుకుతరు. దీన్ని పిలిస్తే ఇదొక్కతే పలకాలె" అందట. నిజంగానే చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు ఇంకెవరికీ లేదు. అమ్మ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది.

ఇనుప గనిలో కూలిపని కోసం నాన్న మమ్మల్ని బచేలి తీసుకొచ్చాడు. కొండ కింద, ఎర్రనీళ్ళు పారే వాగు పక్కన గుడిసె వేసుకున్నాం. నాకు ఏడేళ్ళు నిండకుండానే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ టీచరుగారి క్వార్టర్లో అంట్లు తోమే పనికి కుదిరింది. టీచరుగారిది విజయనగరం దగ్గర ఊరు. భర్త గనిలో ఫోర్‌మన్. ఆవిడ ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు. నేను వాకిట్లో కూర్చుని, లోపల పిల్లలు వల్లెవేసేదంతా వాళ్ళకంటే ముందే అప్పజెప్పేదాన్ని. ఒకరోజు అది విని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తన చాప మీదే కూర్చోబెట్టుకున్నారు. తెలుగు అక్షరాలూ, ఎక్కాలూ, అన్నం ముందు చేతులు కడుక్కోవడమూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మలేరియా వచ్చి నేను వణుకుతుంటే తన దుప్పటి తీసి కప్పారు. ఆవిడంటే నాకు ప్రాణం. ఈ మాట ముందుగా చెప్పకపోతే తర్వాత చెప్పేదంతా అబద్ధమవుతుంది.

బడిలో చేర్చే రోజు టీచరుగారే ఫారం నింపారు. పేరు దగ్గరికి వచ్చి పెన్ను ఆపారు. అమ్మ తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ పేరుతో బళ్ళోకెళ్తే పిల్లలు బతకనిస్తారేటే? శైలజ అని రాస్తన్నాను. కొండకి పుట్టిందని అర్థం. నీకు సరిగ్గా అతుకుతాది" అన్నారు నాతో.

"దానికి పేరున్నది గదమ్మా. మళ్ల ఈ పేరేంది?" అంది అమ్మ.

ఇంట్లో మీకు నచ్చినట్టు పిలుచుకోండి, ఎవరొద్దన్నారు, అని టీచరుగారు నవ్వేశారు. క్లాసులో అప్పటికే ఇద్దరు శైలజలున్నారు. నేను మూడోదాన్ని. హాజరు పిలిచినప్పుడు మొదటి వారమంతా పలకలేకపోయాను. తర్వాత అలవాటైంది. నానమ్మ మంచాన పడిందని అమ్మ పల్లెకు వెళ్ళిపోతే నేను టీచరుగారింట్లోనే ఉండిపోయాను. వేసవిలో అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు, క్వార్టర్ల పిల్లల ముందు నన్ను ఇర్పె అని పిలవొద్దని చెప్పాను. అమ్మ సరేనంది. ఉన్న రెండు రోజులూ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. పేరు మార్చింది టీచరుగారు. సిగ్గుపడటం మాత్రం నేను సొంతంగా నేర్చుకున్నాను.

నర్సు ఉద్యోగం వచ్చాక మొదటి ఏడు పల్లెకు ఒక్కసారే వెళ్ళాను. రెండో ఏడు వానాకాలంలో అమ్మకు జబ్బు చేసింది. వాచిన కాళ్ళతో, బస్సు దొరికే దోర్నపాల్ దాకా వచ్చి, బస్సులు మారి, నేను పనిచేసే ఆసుపత్రికి చేరింది. మా పిల్ల ఇర్పె ఇక్కడ నర్సు, పిలవండి, అని అడిగింది. గేటు దగ్గర మనిషి రిజిస్టరు తీసి చూసి, ఆ పేరుగలవాళ్ళెవరూ లేరని చెప్పాడు. అతను నిజమే చెప్పాడు. శైలజ అన్నది అమ్మకు నోరు తిరగని పేరు. గుర్తు కూడా ఉండి ఉండదు. రెండు రోజులు ఎదురుగా చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చుంది. నేను క్వార్టర్ల వైపున్న వెనక గేటులోంచి వచ్చి పోతున్నాను. మూడో రోజు అమ్మ తిరిగి వెళ్ళిపోయింది. పది రోజులకు, అమ్మ పోయిందని నాకు కబురు అందింది.

నేను పల్లె చేరేసరికి అంతా అయిపోయింది. "మన పిల్ల ఆడ లేదట, ఎటు పోయిందో ఏమో అని ఏడిసింది. ఇంక మందులొద్దన్నది" అంది పెద్దమ్మ. నన్ను నిందిస్తున్నట్టు కూడా చెప్పలేదు. అమ్మ బెంచీ మీద కూర్చున్న ఆ రెండు రోజులూ నేను లోపల ఎవరెవరికో మందులు ఇస్తూనే ఉన్నాను.

కార్డు అందిన సాయంత్రం టీచరుగారికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాళ్ళబ్బాయి దగ్గర ఉంటున్నారు. ఇంకెవరికీ లేని పేరు కావాలని అబ్బాయి వెతుకుతుంటే తనే చెప్పానన్నారు. ఆ అపార్ట్‌మెంటులో అందరూ మెచ్చుకున్నారట, పక్కింటివాళ్ళు తమ మనవరాలికీ అదే పెడతామంటున్నారట.

"మరి అప్పుడెందుకు బాగోలేదు టీచరుగారూ?" అని అడిగాను.

"అప్పుడది నీ పేరు కదమ్మా" అన్నారు నెమ్మదిగా.

అబద్ధమాడటం ఆవిడకు ఎప్పుడూ చేతకాలేదు. ఇన్నేళ్ళూ చెప్పని అమ్మ సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ ఏడ్చారు. ఓదార్చాలని తెలిసీ ఫోన్ పెట్టేశాను. బారసాలకు వెళ్ళలేదు.

ఆవిడ లేకపోతే నాకీ ఉద్యోగం లేదు, ఈ తెలుగూ లేదు. ఆవిడ మీద కోపం రాసుకోవాలన్నా ఆవిడ దిద్దించిన అక్షరాలే దిక్కయ్యాయి. అయినా క్షమించలేకపోతున్నాను. ఎవరిని ముందు క్షమించాలో కూడా తెలియడం లేదు, ఆవిడనా, నన్నా.

వార్డులో కొత్తగా ఎవరు చేరినా చీటీ మీది పేరు చూసి ఊరుకోను. ఇంట్ల నిన్నేమని పిలుస్తరు అని అడుగుతాను. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఎవరు ఏ పేరుతో అడిగినా లోపలికి పంపమని చెప్పి, రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఇచ్చి వస్తాను. అందులో మొదటి పేరు ఇర్పె. ఇన్నేళ్ళలో ఆ పేరుతో అడుగుతూ ఎవరూ రాలేదు.