మిరప పట్టీ కింద తడి

దయ్యాలతో నాకు ఎప్పుడూ బేరం కుదరలేదు. వేంపల్లెలో బట్టల అంగడి నడుపుకునే మనిషిని. చేతికి తగలనిదాన్ని, కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ఎండాకాలంలో మాకు ఆ మాత్రం గాలి కూడా లేదే అని నవ్వేవాణ్ణి. ఇది చదివాక మీరు నన్ను నమ్మకపోతే నేను నొచ్చుకోను. వేరేవాళ్లు చెబితే నేనూ నమ్మను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో భయం తక్కువ, రోత ఎక్కువ. అన్నం ముందు కూర్చుని చదవకండి.

మూడేళ్ల కిందట నాకు సర్పి లేచింది. ఎడమ పక్క వెన్ను దగ్గర మొదలై, చంక కింద నుంచి రొమ్ము దాకా ఒక పట్టెలాగా నీటి పొక్కులు. చితికితే బనియను అతుక్కుపోయేది. నీళ్లు పోసి నానబెట్టి ఊడదీస్తే, దాంతో పాటు ఇంకేదో కూడా ఊడొచ్చేది. అంతకంటే చెప్పను.

మా ఆవిడ నాగరత్న పోరు పడలేక, సర్పికి నాటు మందు వేసే ఒక తాతను ఇంటికి పిలిపించాను. ఆయన ఏదో ఆకు నమిలి, ఆ పసరునూ నోట్లో ఉన్న తడినీ కలిపి పొక్కుల మీద ఉమ్మి, పైన ఎర్రమట్టి పూసి పోయేవాడు. వద్దని చెప్పడానికి మొహమాటం. కళ్లు మూసుకుని పడుకునేవాణ్ణి. దానివల్ల దుప్పట్లు పాడయ్యాయి తప్ప నాకు ఒరిగింది ఏమీ లేదు.

పొక్కులు మాడి మచ్చలు పడ్డాయి గానీ నొప్పి మాత్రం నిలిచిపోయింది. నరం చెడిందని కర్నూలు డాక్టరు చెప్పాడు. దెబ్బ తగిలితే ఎవరికైనా నొప్పే. నాకు గుడ్డ తగిలితే నొప్పి. పల్చటి మల్లు గుడ్డ అంచు సోకినా, పొయ్యి మీద నుంచి తీసిన గరిటె ఆనించినట్టు ఉండేది. బట్టల వ్యాపారికి బట్ట పడని రోగం. బతికాను గానీ బట్ట కట్టలేకపోయానని అంగటికి వచ్చిన ప్రతివాళ్లకూ నేనే చెప్పి నవ్వించేవాణ్ణి. వాళ్లు నవ్వేలోపు మనమే నవ్వేస్తే కాస్త పరువు మిగులుతుంది.

మా అంగడి అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ ఖాజా నాకోసం ప్రత్యేకంగా ఒక చొక్కా కుట్టాడు. దానికి ఎడమ పక్క రొమ్ము నుంచి వెన్ను దాకా గుడ్డే లేదు.

"ఏమప్పా శెట్టీ, ఊరికంతా నిండు గుడ్డ అమ్ముతాండావు, నీకేమో కిటికీ చొక్కానా?" అన్నాడు దాన్ని నా చేతికిస్తూ.

ఆ కిటికీలో ఈగలు వాలేవి. విసురుకుందామంటే విసనకర్ర గాలికి కూడా మంటే. ఈగ పక్కటెముకల మీద నడుస్తుంటే దాని కాళ్లు ఒక్కొక్కటీ వేరుగా తెలిసేవి. అంగట్లో ఆడవాళ్లు చీరలు చూస్తూ చూస్తూ నా పక్కకు చూసి మొహం తిప్పుకునేవాళ్లు. వాళ్లది తప్పు కాదు. అద్దంలో చూసుకుంటే నాకే అసహ్యం వేసేది.

అంగడి ఎట్లాగో నడిచేది. నేను ఓర్చుకోలేకపోయింది వేరే సంగతి. పెళ్లయిన నాటి నుంచి నాగరత్న నా ఎడమ రొమ్ము మీద తల పెట్టుకుని నిద్రపోయేది. సర్పి వచ్చాక వేరే మంచం వేసుకుంది. నిద్రలో చెయ్యి తగిలితే నేను అరిచే అరుపుకు ఇరుగుపొరుగు లేచేవాళ్లు. నాకు నొప్పి పోవాలన్న ఆశంతా ఆ ఒక్క చోటు కోసమే. యాభై దాటిన మనిషిని, ఇంతకంటే వివరంగా రాయడానికి సిగ్గుగా ఉంది.

మాత్రలు మింగితే మత్తు. రెండు మీటర్లు అడిగిన మనిషికి మూడు కోసి ఇచ్చేవాణ్ణి. చివరికి డాక్టరు ఇంకో దారి చెప్పాడు. మిరపకాయ ఘాటుతో చేసిన పట్టీ ఒకటి ఉందట. అది ఆ నరాన్ని మొద్దుబారుస్తుందట. తన దగ్గర లేదు, బ్యాంకాక్‌లో వేస్తారు, పోగలిగితే పోయి రమ్మన్నాడు.

పుట్టినప్పటి నుంచి కారం తిని పెరిగిన సీమవాణ్ణి, మిరపకాయ కోసం సముద్రం దాటాలట. ఖాజా అయితే విమానం ఎందుకు, మా ఇంటికి రా, మా ఆవిడ రోట్లో నూరి ఊరికే పూస్తుంది అన్నాడు. నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే నాగరత్న మా ఇద్దరి బట్టలూ పెట్టెలో సర్దింది.

కిటికీ చొక్కాతోనే విమానం ఎక్కాను. పక్క సీటాయన ప్రయాణమంతా అవతలి పక్కకు ఒరిగే కూర్చున్నాడు.

ఆ ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత సంగతి దానికి అతకదు. నేల మీద మన ముఖం కనపడుతుంది. ఎటు పోయినా నిమ్మగడ్డి వాసన. మాకు హిందీ మాట్లాడే మనిషిని ఒకాయనను తోడిచ్చారు. మా ఆవిడ ఖాజా వాళ్లింట్లో నేర్చుకున్న కడప ఉర్దూకు ఆయన నవ్వాడు గానీ పని మాత్రం దాంతోనే జరిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచారు. నర్సు చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. నొప్పి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో నన్నే చూపించమని, నేను వేలు పెట్టిన చోటల్లా నీలం పెన్నుతో చర్మం మీద గీత గీసింది. ఆ గీతకు సరిపోయేలా పట్టీలు కత్తిరించింది. గుడ్డ కోసే మనిషిని కాబట్టి చెబుతున్నాను, చాలా చక్కటి కోత. పట్టీలు అంటించేటప్పుడు ఆ ఘాటుకు ఆమెకే దగ్గు వచ్చింది. నేను అరుస్తున్నా ఆగకుండా పైన గట్టిగా కట్టు చుట్టి, నన్ను కుడి పక్కకు ఒత్తిగిల్లి గోడ వైపు తిరిగి పడుకోమని, కదలొద్దని చెప్పి వెళ్లిపోయింది. ఘాటు వల్ల మా ఆవిడను లోపలికి రానివ్వలేదు. ఆమె తలుపు అవతల కుర్చీలో కూర్చుంది. తలుపుకు అద్దం ఉంది. అందులోంచి నా వీపు కనపడుతుంది.

కాసేపటికి మంట మొదలైంది. పళ్లు బిగబట్టాను. అప్పుడు వెన్ను దగ్గర తడిగా ఏదో తగిలింది.

నర్సు వచ్చి ఏదో పూస్తోందనుకున్నాను. ఆ తడి వెచ్చగా ఉంది, వెడల్పుగా ఉంది, గరుకుగా ఉంది. కింది నుంచి పైకి ఒక వరుస పోయింది. మళ్లీ కింద మొదలై, దాని పక్కనే ఇంకో వరుస. గేదె ఈనగానే దూడను నాకడం చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అది నాలుక. కట్టు మీద కాదు. కట్టు కింద, పట్టీ కింద, నా చర్మం మీద.

ఊపిరి కూడా తగిలింది. నాలుగు రోజులు కడగని కుడితి తొట్టి మీద మూత తీసినట్టు వాసన. నర్సుకు దగ్గు తెప్పించిన ఆ ఘాటుకు అది ఒక్కసారి కూడా పొలమారలేదు.

ఎందుకు లేవలేదని మీరు అడుగుతారు. నాలుక పోయిన చోటల్లా నొప్పి ఆగిపోతూ వచ్చింది. తగ్గడం కాదు, ఆగిపోవడం. మూడేళ్లుగా చెవి పక్కనే ఆడుతున్న మిషనును ఎవరో కట్టేసినట్టు. వాంతికి నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఒళ్లు మాత్రం ఇంకాస్త ఇంకాస్త అంటోంది. ఇట్లాంటి వైద్యం కూడా ఉంటుందేమో, ఇది వాళ్ల పద్ధతేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చూడాలంటే తల తిప్పితే చాలు. తిప్పలేదు.

అది చంక కిందికి వచ్చి, పక్కటెముకలు దాటి రొమ్ము వైపు తిరిగింది. అప్పుడు గుటక వినిపించింది.

నోరు నిండాక నింపాదిగా మింగిన చప్పుడు. ఒకసారి. కాస్త ఆగి మళ్లీ. నా ఒంటి మీద నుంచి తీసుకున్నదేదో దాని లోపలికి పోతోంది.

ఇక ఓర్చుకోలేకపోయాను. ఎడమ మోచేత్తో వెనక్కి పొడిచాను. మెత్తగా, తడిగా ఉన్నదానిలోకి మోచెయ్యి కొంచెం దిగబడింది. అంతే, తర్వాత ఏమీ లేదు. తిరిగి చూస్తే గది ఖాళీ. తలుపు మూసే ఉంది. అద్దంలో మా ఆవిడ ముఖం. నేను మంచం మీద నుంచి ఒంగి, ఆ అద్దంలాంటి నేల మీద కక్కేశాను.

నర్సు పరుగున వచ్చి కట్టు విప్పింది. పై చుట్టు పొడిగా ఉంది. లోపలి చుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. పట్టీలు ఊడిపోయి ముద్దగా ఉన్నాయి. తీస్తుంటే జిగట తీగలుగా సాగింది. ఆ కుడితి వాసన గది నిండా కొట్టింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. మనిషిని కాదు, కాలికి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసింది.

హిందీ ఆయన వచ్చి, మీ ఊరి మందేదైనా పట్టీ కింద పూశారా, ఉమ్మి లాంటిది, అని అడిగాడు. అందరూ మా ఆవిడను చూశారు. ఆమె తన సంచీ తెరిచి బల్ల మీద కుమ్మరించింది. విభూది పొట్లం, దువ్వెన, చింతకాయ పచ్చడి సీసా. అంతే.

సిగ్గుగా ఉంది గానీ, నాకూ ఆమె మీదే అనుమానం. నేను గోడ వైపు తిరిగి ఉన్నప్పుడు లోపలికొచ్చి, తాత ఇచ్చిన పసరేదైనా కట్టు కింద రుద్దిందేమోనని బసకు వచ్చాక అడిగాను.

"మీ ఒంటి మీద చెయ్యేసి మూడేండ్లు ఆయ. తాకితే అరుస్తారని పక్కన కూడా పండుకోకుంటే, ఈడికొచ్చి ఎంగిలి పూస్తానా నేను?" అంది.

నిజానికి ఆమె ఆ గదిలోకే రాలేదు. పట్టీ వేసిందీ, కట్టు చుట్టిందీ నర్సు ఒక్కతే. అద్దంలోంచి ఏం చూశావంటే, మీరు ఒక్కరే ఉన్నారంది. పాలు తాగే బిడ్డలాగా కాళ్ల వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ ఉన్నారట. అది చెప్పేటప్పుడు ఆమె నా ముఖం చూడలేదు.

మరుసటి రోజు అక్కడి డాక్టరు అదంతా చెమట అని తేల్చాడు. చల్లటి గదిలో అంత చెమటా అంటే, కొందరి తత్వం అంతేనన్నాడు. నాకు మిగిలిన సాక్ష్యం ఒకటే. నర్సు గీసిన నీలం గీత వెన్ను నుంచి చంక దాటేదాకా ఎక్కడా లేదు, తుడిచిపెట్టుకుపోయింది. రొమ్ము మీద అరచెయ్యంత మేర మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడి పట్టీ కూడా పొడిగా అంటుకునే ఉంది. గీత పోయిన చోట నొప్పి పోయింది. గీత ఉన్న చోట నొప్పి ఉంది. అన్నీ ఒకే మందు పూసిన పట్టీలు, ఒకే చేత్తో వేసినవి, ఒకేసారి తీసినవి. చెమట ఇంత కొలత పెట్టి పోస్తుందా?

ఊరికి వచ్చాక ఖాజా కొత్త చొక్కాకు టేపు పెట్టి నా వీపు, ఎడమ పక్క కొలిచాడు. వీపు మీద టేపు చల్లగా తగిలింది, అంతే. వాడికి కళ్లనీళ్లు వచ్చాయి. నాకు మాత్రం మోచెయ్యి గుర్తొచ్చింది. దాన్ని ఎన్నిసార్లు సబ్బుతో తోమానో, తోలు లేచి పచ్చిపుండు అయింది.

నాటు మందు తాత దగ్గరికి కూడా పోయాను. మేము బ్యాంకాక్‌లో ఉన్నన్ని రోజులూ ఆయన వేంపల్లెలోనే, ఇంటి ముందు నులక మంచం మీదే ఉన్నాడట. జరిగింది చెబితే, వింటూ వింటూ పక్కకు తిరిగి ఉమ్మాడు.

"థూ. నేను ఉమ్ముతా గాని, మింగుతానా? ఏం మాటప్పా అది" అన్నాడు. అందరి పొక్కుల మీదా ఎంగిలి ఊసే మనిషికే రోత పుట్టింది.

ఒకరోజు నాగరత్న ధైర్యం చేసి తన పాత చోట తల పెట్టింది. నేను అరిచాను. మిగిలిన అరచెయ్యంత నొప్పీ సరిగ్గా అక్కడే. ఆమె లేచి మళ్లీ తన మంచం మీదికి పోయింది. అటు తిరిగి పడుకునే ఒక మాట అంది.

"అది ఏదైతే ఏమిలేండి. మల్ల వస్తే మాత్రం కదలకుండా పండుకోండి."

ఆమె పరిహాసం ఆడలేదు.

ఆ పట్టీ మళ్లీ వేయించుకోమని అక్కడి నుంచి పిలుపు వచ్చింది. ఇంకా పోలేదు. వాళ్ల పట్టీ వల్ల తగ్గిందని చెప్పుకుంటే నాకూ సుఖమే, చెప్పుకోలేకపోతున్నాను. అదేమిటో, నా దగ్గర దానికేం కావాలో, ఏం తీసుకుని పోయిందో నాకు తెలియదు. ఇన్ని రోజులుగా ఆలోచించినా ఏ లెక్కకూ రాలేదు.

మధ్యాహ్నం అంగడి తలుపు దించాక, లోపలి గదిలో చొక్కా తీసేసి, కుడి పక్కకు ఒత్తిగిల్లి గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను. తలచుకుంటేనే రోత. అయినా ఎడమ చేతిని మోచెయ్యి కదలకుండా తల కింద అదిమిపెట్టుకునే పడుకుంటాను.