సమ్మక్క పోసిన మందు

నవాగామ్‌లో మా తెలుగు గల్లీ మగవాళ్లు పోలీసులకు భయపడేవారు కాదు, సమ్మక్కకు భయపడేవారు. గుజరాత్‌లో మందు నేరమని చట్టం ఏనాడో చెప్పింది. ఎవరు విన్నారు? సమ్మక్క అరిస్తే మాత్రం వినక చచ్చేవాళ్లా! చాటుగా మందు పొట్లాలు అమ్మే వజ్రమ్మను పోలీసులకు పట్టించింది ఆవిడే. సమ్మక్క భర్త సోమలింగం మరమగ్గాల పని నుంచి వస్తూ దారిలోనే తాగేవాడు. "ఒక్కనాడన్న ఇంట్ల కూసొని తాగనియ్యే" అని బతిమాలేవాడు పాపం. "ఆ పాపపు మందు నా గడప తొక్కద్దు" అనేది సమ్మక్క.

కరోనా రెండో ఏడాది వేసవిలో సోమలింగం ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని కూడా చూడనివ్వలేదు, దిక్కుమాలిన కాలం. ఇక ఆమె చేయగలిగింది మూడోనాడు పిట్టకు పెట్టడం ఒక్కటే. పోయినవాడికి ఇష్టమైనవి వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషి తృప్తిగా పోలేదని మావాళ్ల నమ్మకం.

మేడ మీద విస్తరి వేసింది. మాంసం, గారెలు, బీడీ కట్ట పెట్టింది. కాకులు పిట్టగోడ మీద వాలాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. కారణం అందరికీ తెలుసు, అనడానికి నోరెవరికుంది? చివరికి ముసలి బిక్షపతే అన్నాడు. "మందు పెట్టలేదు గదనే బిడ్డా."

సమ్మక్క కొంగు మూతికి కట్టుకుని నేరుగా వెళ్లి వజ్రమ్మ తలుపు కొట్టింది. ఇవాళ జుట్లు పట్టుకుంటారని నేనూ వెంట పరుగెత్తాను.

"అక్కా, తప్పో ఒప్పో నాకు తెల్వది. ఆయన ఆశతోని పోవద్దు," అంది సమ్మక్క.

"నన్ను పట్టిచ్చిననాడు బాగ తెలిసెగదనే తప్పొప్పులు!" అని వజ్రమ్మ కడుపులోది కక్కేసింది. కక్కి, తనే ఏడ్చింది. "ఆయన ఏది తాగుతుండెనో నాకెరుకే" అంటూ లోపల్నుంచి ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

సమ్మక్క మేడెక్కి తన చేత్తోనే గిన్నెలో పోసింది. ఇన్నేళ్ల కాపురంలో అదే మొదలు. "తాగు. ఇయ్యాల నేనేమన," అని పక్కకు జరిగింది.

ఒక కాకి దిగింది. గిన్నెలో ముక్కు ముంచింది. మళ్లీ ముంచింది. ఇంకోసారి వంగేసరికి సమ్మక్క అలవాటు కొద్దీ "ఇగ చాలు, లే!" అని కసిరింది.

కాకి ఎగిరిపోయింది.

"అయ్యో, పోకయ్యా! నిమ్మలంగ తాగు!" అని ఏడుస్తూ, సమ్మక్క గిన్నె పట్టుకుని పిట్టగోడ దాకా దాని వెంట పరుగెత్తింది.