అమ్మకు దక్కని రొట్టె

ఈ పొద్దు తిరుపతిలో మా చర్చిలో ప్రభువు బల్ల, ఆయన గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. ద్రాక్షరసం వాసన తగిలినప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతా ఉండాను.

నాకు ఏడేళ్లప్పుడు, కార్వేటినగరం దగ్గర మా పల్లె చర్చిలో, ఇలాగే రొట్టె తట్ట వరసలెంట వస్తా ఉంటే అమ్మ చాప మీద నుంచి లేచి బయటికి వెళ్లిపోయింది. అంతకు మూడు వారాల ముందు మా కోడిపెట్ట కనపడకపోతే, ఎదురింటి మంగమ్మక్కను అమ్మ వీధిలో అందరి ముందరా దొంగ అనింది. ముందురోజే ఆ పెట్ట గడ్డివాములో నుంచి పదకొండు పిల్లలతో దిగొచ్చింది. ఆ సంగతి దేవుడు పాస్టరు అయ్యగారికి చెప్పేసినాడని, ఆయన అమ్మను తరిమేసినాడని నేను అనుకున్నాను. తట్ట దగ్గరికొచ్చే కొద్దీ వాకిలి వైపే చూస్తా కూర్చున్నాను.

ఆఖరి ప్రార్థనకు అమ్మ వచ్చింది. అప్పటికి తట్ట ఖాళీ.

"అయ్యగారు తరిమినాడా మా?"

"ఎవురు తరుముతారే? ఒకరికి తప్పు చేసి ఆ రొట్టె ఎట్ల తినేది? మంగమ్మక్క కాడికి పోయి, తప్పు నాదే, మన్నించక్కా అన్నాను."

"ఏమనింది?"

"శానా సేపు తలుపు తియ్యలేదు. తీసినాక మజ్జిగ ఇచ్చింది."

అమ్మకు రొట్టె దక్కలేదే అని నేను ఏడ్చినాను. అమ్మ పెదాల మీద ఇంకా మజ్జిగ తెల్లగా ఉండింది.

ఇన్నేళ్లలో నేను ఒక్క బల్ల కూడా తప్పలేదు. రెండు వీధుల అవతల ఉండే మా చెల్లెలితో మాట్లాడి రెండేళ్లయింది. నోరు జారింది నేనే.

తట్ట ముందు వరస దాకా వచ్చింది. నేను లేచి, బయట చెప్పులు వెతుక్కుంటా ఉండాను.