ఎడమ భుజం అరంగుళం కిందికి

వీధి మొత్తానికి ఆమె చిన్న మాస్టర్. పెద్ద మాస్టర్ ఆమె తండ్రి. బతుకంతా గుడ్డ కత్తిరించిన మనిషి. తానులు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం అరంగుళం కిందికి జారిపోయింది. ఊరందరికీ చొక్కాలు కత్తిరించాడు గాని, కొన్న చొక్కా ఒక్కటీ ఆయన ఒంటిమీద సరిగ్గా కూర్చోలేదు. కూతురు పగలు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది, సాయంత్రం తండ్రి షాపులో కూర్చుంటుంది. కోపం మాత్రం రెండు పూటలా ఉంటుంది.

ఆ కోపానికి కారణం తండ్రి గురువు. ఆ మహానుభావుడు కటింగ్ అవగానే నమూనా కాగితాన్ని శిష్యుల కళ్లముందే చింపి పారేసేవాడట, తన విద్య ఇంకొకడికి అబ్బితే తన తిండి పోతుందని. తండ్రి ఆ ముక్కలు ఏరుకుని, బంకతో అతికించుకుని పని నేర్చుకున్నాడు. ఈ సంగతి విన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది.

అందుకే, కొలతలు ఇస్తే చాలు నమూనా గీసిపెట్టే ప్రోగ్రాం రాసినప్పుడు, దానికి ముందే ఒక లైసెన్సు తగిలించింది. ఎవరైనా వాడుకోవచ్చు. లోపలి కోడ్ తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు, అమ్ముకున్నా అడ్డులేదు. కాని మార్చి ఇంకొకరికి ఇస్తే ఆ మార్చిన కోడ్ కూడా ఇవే షరతుల మీద ఇవ్వాలి. ముందు రాసినవాళ్ల పేర్లు చెరపకూడదు.

“ఊరికే ఇచ్చేదానికి మళ్లీ షరతులెందుకు?” అన్నాడు భర్త.

“ఇచ్చేది పంచుకోడానికి. మింగేసి మూతి తుడుచుకోడానికి కాదు,” అంది.

ఎదురు టైలర్ షాపు అక్క ఆ లైసెన్సును అక్షరాలా నమ్మింది. అక్క తమ్ముడు చక్రాల కుర్చీలో ఉంటాడు. ఎప్పుడూ కూర్చునే ఉండేవాళ్లకు మామూలు ప్యాంటు వెనక జారిపోతుంది, ముందు పొట్ట దగ్గర ముద్దగా పోగవుతుంది. అక్క ఆ కోడ్‌లో వేలు పెట్టింది. ప్రోగ్రాంను చాలాసార్లు పడుకోబెట్టింది, ఒకసారి మూడు కాళ్ల ప్యాంటు గీయించింది, వీధంతా నవ్వినా వదల్లేదు. చివరికి వెనక ఎత్తు, ముందు తగ్గు వచ్చేలా సాధించి, రాసినవాళ్ల వరసలో తన పేరు చేర్చుకుంది. ఇప్పుడు చక్రాల కుర్చీ వాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆమె షాపు వెతుక్కుంటూ వస్తారు.

ఒక మధ్యాహ్నం అక్క పాలిపోయిన ముఖంతో రోడ్డు దాటి వచ్చింది.

“చూడు చెల్లీ, నేను దొంగనంట.”

పెద్ద బట్టల కంపెనీ ఒకటి ఆమెకు నోటీసు పంపింది. ఆ ప్రోగ్రాం తమదట. కొనకుండా వాడుతోందట. ఆపకపోతే కోర్టుకు లాగుతారట.

“బల్లమీద ప్యాంట్లు సగం కత్తిరించి ఉన్నాయి. ఆపేయనా? కుట్టమన్నవాళ్లకి ఏం చెప్పను?” అంది అక్క.

చిన్న మాస్టర్ ఆ కంపెనీ టైలర్లకు అమ్ముతున్న ప్రోగ్రాంను తెరిచి చూసింది. రంగులు మారాయి, మిగతాదంతా తనదే. అక్క ప్యాంటు కూడా అందులో ఉంది. లైసెన్సు లేదు, పేర్లు లేవు, కోడ్‌కు తాళం. సొమ్మొకడిది, సోకొకడిది. దాన్నైనా పళ్లు కొరుక్కుని ఓర్చుకోవచ్చు. దొంగే దొంగా దొంగా అని అరుస్తుంటే ఎవరు ఓర్చుకుంటారు? అరికాలి మంట నెత్తికెక్కి ఫోన్ చేసింది.

“మా ఇంజనీర్లు మొత్తం సొంతంగా రాశారు మేడమ్. కొలతలన్నాక ఎవరివైనా ఒకేలా ఉంటాయి కదా,” అన్నాడు కంపెనీ షోరూం మేనేజర్, గొంతులో బెల్లం పెట్టుకుని.

“పెద్దవాళ్లతో మనకెందుకు?” అన్నాడు భర్త. ఆమె చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. మర్నాడు తండ్రినీ అక్కనూ వెంటబెట్టుకుని ఆ కంపెనీ షోరూంకు వెళ్లింది.

‘గంటలో మీ కొలతకు చొక్కా’ అని గుమ్మం మీద బోర్డు. లోపల సేల్స్‌మెన్ అందరూ అక్కడే కుట్టిన చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్కొక్కరికీ ఎడమ భుజం దగ్గర చొక్కా మడతపడి లాగుతోంది. మేనేజర్‌కూ అంతే.

ప్రోగ్రాం రాసే రోజుల్లో ఆమె ప్రతి పరీక్షా తండ్రి కొలతలతోనే చేసింది. ఎడమ భుజం గడి ఖాళీగా వదిలేస్తే, కుడిదానికంటే అరంగుళం దించి గీసేలా పెట్టి, తర్వాత తీయడం మరిచిపోయింది. వీధి టైలర్లు అది కనిపెట్టి నవ్వుకున్నారు. మాస్టర్ గుర్తుగా ఉండనీ అని దిద్దకుండా, రెండు గడులూ నింపే అలవాటు చేసుకున్నారు. కంపెనీవాళ్లు పని తొందరగా తేలుతుందని ఎడమ గడినే ఎత్తేశారు.

“నాన్నా, ఒక చొక్కా కుట్టించుకో,” అంది.

కొలతలవాడు కుడి భుజానికి టేపు పెట్టాడు, ఎడమవైపు చూడనైనా లేదు. గంట తర్వాత పెద్ద మాస్టర్ కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజం మీద ఒక్క మడత లేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

“ఎంత బాగా కూర్చుందో చూశారా పెద్దాయనా!” అని మేనేజర్ సంబరపడ్డాడు.

“కూర్చుందయ్యా. బతుకంతా ఇలాంటి దానికోసమే చూశాను. మీవాడు కుడి భుజమే కొలిచాడు. మరి ఎడమది తగ్గిందని మీ ప్రోగ్రాంకి ఎవరు చెప్పారు?”

మేనేజర్ కొలతలవాడి వైపు తిరిగాడు.

“నేను చెప్పాను,” అంది చిన్న మాస్టర్. “మీరంతా మా నాన్న భుజానికి కుట్టిన చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు. కాపీ కొట్టినవాళ్లు కనీసం చదివి కొట్టాల్సింది.”

సేల్స్‌మెన్ చేతులు వాటంతటవే ఎడమ భుజాల మీదికి పోయాయి.

“లోపల కూర్చుని మాట్లాడుకుందాం మేడమ్. మీ పేరు పెద్ద అక్షరాలతో వేస్తాం,” అన్నాడు మేనేజర్.

“నా ఒక్కదాని పేరు నాకెందుకు? ఈమెది కూడా వేయండి, దొంగ అన్నారే, ఈమెది. ఆ నోటీసు వెనక్కి తీసుకోండి. కోడ్ తెరవండి, మీరు మార్చింది కూడా.”

“తెరిస్తే మాకేం మిగులుతుంది?”

“అమ్ముకోండి, ఎవరొద్దన్నారు? తాళం వేయొద్దంటున్నా. లేదంటే రేపు ఈ చొక్కా కోర్టుకొస్తుంది.”

బిల్లు బల్ల దగ్గర ఎవరో చొక్కా డబ్బులు అడిగారు. “నా భుజం నాకే అమ్ముతావురా?” అని పెద్ద మాస్టర్ ఆ చొక్కాతోనే మెట్లు దిగాడు.

కొద్ది రోజులకే నోటీసు వెనక్కిపోయింది. కోడ్ బయటికొచ్చింది, అదే లైసెన్సుతో, పేర్లతో. క్షమాపణ మాత్రం రాలేదు. అక్క సగంలో ఆగిన ప్యాంట్లు పూర్తిచేసింది. కంపెనీవాళ్లు కొత్తగా రాసిన జేబు ఒకటి బాగుందని, దాన్ని నిక్షేపంగా తన ప్రోగ్రాంలోకి తెచ్చుకుంది.

పెద్ద మాస్టర్ కంపెనీ కోడ్ చదివించుకున్నాడు. ఎడమ భుజం తేడా సున్నా చేసేశారు.

“నా అరంగుళం తీసేశారే అమ్మా,” అన్నాడు చిన్నబోయి.

“తీసేసే హక్కు వాళ్లకుంది నాన్నా, నేనే ఇచ్చాను. ఉంచుకునే హక్కు మనకుంది,” అంది ఆమె, ఇంకా కోపంగానే.