మునిరత్నప్ప ఇంటి ఇనుము

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టినవాళ్ళకు అలాంటి కథలు ఉగ్గుపాలతోనే పోస్తారు. గనిలోకి దిగే, మూతపడిన షాఫ్ట్ పక్కన ఎవరో దగ్గుతారని, దీపం పట్టుకుని ఎవరో తిరుగుతారని. మా అంగడికి వచ్చినవాళ్ళు ఈ కథలు మొదలుపెడితే, ముందు బియ్యం కొలవనివ్వండి, దయ్యం సంగతి తర్వాత చూద్దాం అని నవ్వేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ అనడానికి కూడా నాకు నోరు రాదు. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, కానీ భయంతో కాదు.

గనులు మూసేశాక మా అంగడి వెనక గోడౌన్‌లో ఒక చిన్న సంఘం మొదలైంది. చర్చి బడిలో చదువు చెప్పి రిటైరైన రెజీనా టీచర్, వెల్డింగ్ షాపు ఖాదర్ భాయ్, నేను. ఇంకా కొందరు వస్తూ పోతూ ఉండేవారు. గనిలో పని చేసి రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్ళకు రాగిపిండి, మాత్రలు, ఆక్సిజన్ సిలిండర్లు ఇంటికి చేర్చడం మా పని. శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్ భాయ్‌కి సెలవు, ఆదివారం టీచర్‌కి సెలవు. నా దేవుళ్ళకు ప్రత్యేకంగా వారం లేదని ఇద్దరూ నన్ను ఆటపట్టించేవారు.

ఆ జబ్బు మనిషి గొంతును కూడా తినేస్తుంది. ఊపిరి అందనప్పుడు పక్కింటివాళ్ళను కేకేయలేరు. అందుకని ఖాదర్ భాయ్ పాత రైలు పట్టా ముక్కలు కోసి, ప్రతి రోగి మంచం పక్కన బడిగంటలాగా వేలాడదీశాడు. కొట్టడానికి ఒక పొట్టి కడ్డీ. ఆ పట్టా ముక్కను అందరం ఇనుము అనేవాళ్ళం. గనిలో మనిషికి దెబ్బ తగిలితే, వెంటనే పైకి లాగమని కిందనుంచి ఒక తీరుగా గంట కొట్టేవారు. లైన్ ఇళ్ళలో, అంటే గని కార్మికుల వరస ఇళ్ళలో, పెద్దవాళ్ళందరికీ ఆ తీరు తెలుసు. మా రోగులూ అలాగే కొట్టాలి. అది వినబడితే ఎవరో ఒకరు లోపలికి పరిగెత్తాలి, ఇంకొకరు మాకు ఫోన్ చేయాలి. అలా ఎందరు గట్టెక్కారో.

మారికుప్పం దగ్గర లైన్‌లో మునిరత్నప్ప ఉండేవాడు. క్యాసంబళ్ళి వైపు పల్లెనుంచి వచ్చి, గనిలో డ్రిల్లర్‌గా బతుకంతా గడిపినవాడు. కూతురు పద్మ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయి రాత్రికి వచ్చేది. పగలంతా ఆయనకు తోడు సిలిండరు, ఆ ఇనుము.

ఆ ఏడాది ఆయుధ పూజకు ముందురోజు మునిరత్నప్ప ఒక కోరిక కోరాడు. గనిలో ఆ పండగకు డ్రిల్లులకూ గడ్డపారలకూ కులం మతం చూడకుండా అందరూ బొట్లు పెట్టేవారట. తన ఇనుముకూ పూజ చేయించమన్నాడు. మా అందరికీ మనసు నిండిపోయింది. అన్ని ఇళ్ళ ఇనుములూ ఒకచోట పెట్టి పూజ చేసి, మధ్యాహ్నానికి తిరిగి కట్టేద్దాం అనుకున్నాం. పండగ పొద్దున ఖాదర్ భాయ్ ఆటోలో ఇల్లిల్లూ తిరిగి వాటిని కడ్డీలతో సహా విప్పి తెచ్చాడు. పద్మ కూడా తన ఫ్యాక్టరీ పూజకు పోయింది. ఆ కాసేపట్లో ఊపిరి అందకపోతే రోగులు ఏం కొడతారన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. పండగ హడావుడి అలాంటిది.

మా అంగట్లో అరటాకు మీద ఇనుములన్నీ వరసగా పెట్టాం. మునిరత్నప్పది గుర్తుపట్టడం తేలిక, ఒక మూల సొట్ట ఉంటుంది. దానికి కుంకుమ పెట్టింది నేనే. టీచర్ చేమంతులు అమరుస్తోంది. నేను కర్పూరం వెలిగించబోతుంటే ఫోన్ మోగింది.

మునిరత్నప్ప పక్కింటి ఎల్లమ్మ. ముసలాయన గంట కొట్టాడని, వెళ్ళి చూస్తే సిలిండరు అయిపోయి మొహం నల్లబడిపోయిందని చెప్పింది. ఇంకేమీ ఆలోచించకుండా కొత్త సిలిండరు ఆటోలో వేసుకుని ముగ్గురం పరిగెత్తాం.

మేం చేరేసరికి ఇంటి నిండా జనం. ఎల్లమ్మ ఆయన్ని ఒళ్ళో ఆనించుకుని కూర్చోబెట్టింది. ఖాదర్ భాయ్ వాల్వు కొత్త సిలిండరుకు మార్చాడు. ఆయన రొమ్ము కదలదేమోనని నా ప్రాణాలు నాలో లేవు. కాసేపటికి పెద్దగా ఒక ఊపిరి తీశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు టీచర్ నా భుజం తట్టి మంచం పక్కకు చూపించింది. ఇనుము వేలాడే చోట వట్టి కొక్కెం.

ఎల్లమ్మను అడిగాను, ఏం విని వచ్చావని.

"గంట కొట్టినాడమ్మా, అది వినే పరిగెత్తి వచ్చినాము."

"ఆ ఇనుము మా అంగట్లో ఉండాది ఎల్లమ్మా. నేనే బొట్టు పెట్టినాను."

ఆమె తలెత్తి కొక్కెం చూసింది. ఆమె ఒక్కతే కాదు, ఆ వరసలో అందరూ విన్నారు. గ్లాసుతో కొట్టి ఉంటాడేమోనని నేనే స్టీలు గ్లాసు తీసి పాత సిలిండరు మీద కొట్టి చూశాను. ఇది కాదన్నారు. వెనక వరసలోనుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఒకప్పుడు షాఫ్ట్‌లో మనుషులు ఎక్కే కేజ్‌ను పైకీ కిందికీ లాగే ఇంజను నడిపినవాడు, నిదానంగా చెప్పాడు. మునిరత్నప్ప చెయ్యి వణుకుతుంది, ఆ దెబ్బ ఎప్పుడూ తడబడుతుంది. ఇది గట్టి చెయ్యి, తప్పు లేకుండా కొట్టిందని.

సాయంత్రానికి మునిరత్నప్పకు మాట వచ్చింది.

"నేను కొట్టలేదు తల్లీ. చెయ్యి యాడ లేస్తుంది నాకు? నాకూ వినిపించినాది. కిందనుంచి."

ఆ ఇంటి కింద ఏముందో అక్కడ అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్ళుగా నీళ్ళు నిండిపోయిన గని. పైకి రాకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళు ప్రతి వరసలోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు.

రాత్రి పద్మ రైలు దిగి వచ్చింది. సంగతంతా విని, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని మా వైపు చూసింది.

"కొట్టింది ఎవరో చెప్పండక్కా. వాళ్ళ కాళ్ళకు మొక్కాల."

గోడౌన్‌లో ఏ చిన్న సంగతికైనా ముగ్గురం మూడు సమాధానాలు చెప్పేవాళ్ళం. ఆ రోజు ముగ్గురం ఆ నేల వైపే చూశాం. పద్మ ఆ సిమెంటు నేల మీదికి వంగి నుదురు ఆనించింది. టీచర్ సిలువ గుర్తు వేసుకుంది. ఖాదర్ భాయ్ అరచెయ్యి నేలకు ఆనించి, ఏదో వింటున్నట్టు చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఏం వినిపించిందని నేను అతన్ని ఇప్పటిదాకా అడగలేదు. ఆ గంట ఎవరు కొట్టారో నాకు తెలియదు. నేనూ ఆ నేలకు మొక్కాను.