అమ్మ కట్ చేస్తోంది

2016 చలికాలం. డబ్లిన్ శివారులోని ఒక జైల్లో నేను నర్సుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. బంగారంలాంటి ఆస్పత్రి ఉద్యోగం మానేసి జైలుకెందుకు వెళ్లావని మా బాపట్ల చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. జ్వరాలు, షుగర్లు, నిద్ర పట్టకపోవడాలు అక్కడా ఉంటాయని, పైగా అపాయింట్‌మెంట్ ఇస్తే ఎగ్గొట్టేవాళ్లు తక్కువని చెబుతాను.

కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ ముందు నర్సు చూడాలి. దాన్ని కమిటల్ స్క్రీనింగ్ అంటాం. బీపీ చూసి, మందులూ అలవాట్లూ అడిగి, మనసెలా ఉందో కనుక్కోవడం. ఒక సాయంత్రం అలా నా ముందు కూర్చున్నవాడు సుధీర్, చీరాల కుర్రాడు. డబ్లిన్ రేవు ప్రాంతం డాక్‌ల్యాండ్స్‌లో రోజుకో కొత్త సాఫ్ట్‌వేర్ ఆఫీసు లేస్తున్న కాలమది. లువాస్ ట్రామ్ ఎక్కితే మనవాళ్లే కనిపించేవారు. వాళ్లలో వీడొకడు. ఆఫీసు పార్టీలో తాగి కారు నడిపి, సైకిల్ మీద వెళ్తున్నాయన కాలు విరగ్గొట్టాడు. కొన్ని నెలల శిక్ష పడింది.

నా బ్యాడ్జి మీద పేరు చూసి "తెలుగోళ్లా ఆంటీ?" అన్నాడు. వాడికీ నాకూ పట్టుమని పదేళ్ల తేడా ఉండదు. "నర్స్ అంటే చాలు" అన్నాను. వింటేగా.

జైల్లో సెల్‌ఫోన్ ఉండదు. ల్యాండింగ్ మీద, అంటే గదుల వరస ముందుండే నడవలో, గోడకు ఒక ఫోన్ ఉంటుంది. ముందే అనుమతి తీసుకున్న నంబర్లకు మాత్రమే, అదీ కొద్ది నిమిషాలు మాట్లాడనిస్తారు. లోపలి నుంచి బయటికి చేసుకోవడమే తప్ప బయటివాళ్లు ఆ ఫోన్‌కు చేయలేరు. సుధీర్ వాళ్లమ్మ నంబరుకు అనుమతి వచ్చింది. లాయరు ద్వారా ఆవిడకు సంగతంతా తెలుసు కూడా.

కొన్నాళ్లకు అన్నం ప్లేటు ముట్టుకోకుండానే తిరిగొస్తోందని ఆఫీసర్ చెబితే పిలిపించాను. మనిషి సగమయ్యాడు.

"తిండి సయించట్లేదా?"

"అమ్మ నా ఫోన్ ఎత్తట్లేదు ఆంటీ."

"పనిలో ఉందేమోరా."

"ఎత్తకపోతే అనుకోవచ్చు. కట్ చేస్తంది. రెండుసార్లు మోగుద్ది, కట్. మళ్లీ చేస్తే మళ్లీ కట్. మా నాన్న తాగే పోయాడు. మిషన్ కుట్టి చదివించింది నన్ను. తాగి మనిషిని గుద్దినోడితో ఏం మాట్లాడుద్ది?" లేచి నిలబడి అన్నాడు, "ఆ నంబరు తీసేయమని చెప్పేస్తా. రోజూ మోగించి ఆమెని ఏడిపించడం ఎందుకు?"

ఉన్న ఒక్క దారీ వీడే మూసేసుకుంటున్నాడు. కానీ నర్సు ఖైదీల ఇళ్లకు ఫోన్ చేయకూడదు. ఆ పని చాప్లిన్‌ది, అంటే ఖైదీల మంచిచెడ్డలు చూసే మతగురువుది. మా చాప్లిన్ సిస్టర్ నోరా, క్రైస్తవ సన్యాసిని. సుధీర్‌ను అడిగితే "చేసుకోండి, ఎత్తదు" అన్నాడు. తెలుగులో చెప్పడానికి నన్ను కూర్చోబెట్టుకుని ఆవిడ తన టేబుల్ ఫోన్ నుంచి చేసింది.

రెండుసార్లు మోగింది. కట్.

"నా ఫోన్ కూడా కట్ చేసేసింది, పాపం తల్లి!" అంది సిస్టర్ రిసీవర్ వంక చూస్తూ.

కుర్రాడు చెప్పింది నిజమేనని నాకూ నీరసం వచ్చింది. సిస్టర్ టీ పెట్టడానికి లేచింది. ఈ దేశంలో ఏ కష్టానికైనా ముందు కెటిలే. ఆవిడ ఇంకా నీళ్లు పడుతుండగానే టేబుల్ మీది ఫోన్ మోగింది. ఆ ఫోన్‌కు బయటి నుంచి కాల్ వస్తుంది. నేనే ఎత్తాను.

"హలో... ఎవరండీ? మా సుధీర్ ఉన్నాడాండి?"

నేను తెలుగులో పలికాను. "అమ్మా, తెలుగోళ్లా! దేవుడల్లే దొరికారు. బిడ్డ రోజూ చేస్తన్నాడమ్మా. ఆ దేశం నుంచి చేస్తే వాడికి బోలెడయిపోద్దని కట్ చేసి, నేనే చేస్తన్నా. చేస్తే కలిసి చావట్లా. ఫోన్‌లో డబ్బులేయించుకుని, మిషన్ పక్కన పెట్టి కూర్చున్నా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దూరంగా ఉన్న పిల్లలు ఫోన్ చేస్తే కట్ చేసి మనమే తిరిగి చేయడం మన ఇళ్లలో ఎంత మామూలు! మా అమ్మా అంతే. డాక్‌ల్యాండ్స్‌లో ఉన్నన్నాళ్లూ సుధీర్ వాట్సాప్‌లో చేశాడు కాబట్టి ఆ అలవాటే మరిచిపోయాడు.

"అది జైలు ఫోనండీ. మీరు చేస్తే మోగదు. ఇకమీదట కట్ చేయకండి" అన్నాను.

"అయ్యో నా మతి మండ! రోజూ వాడి నోరు నేనే నొక్కేశానా!" కాసేపు ఏడిచి, ముక్కు చీదుకుని అడిగింది. "ఆ సైకిలాయన నడుస్తన్నాడా అమ్మా?"

కోలుకుంటున్నాడని విన్నానని చెప్పాను.

"తప్పు చేశాడు, పడాల్సిందే. అన్నం తింటన్నాడా?"

రెండూ ఒకే ఊపిరిలో అంది. రోగి విషయాలు నేను చెప్పకూడదు. "మీరే అడగండమ్మా" అన్నాను.

సుధీర్‌కు చెబితే నోరు తెరుచుకుని చూశాడు. "హాస్టల్లో ఉన్నప్పుడూ ఇంతే చేసేది ఆంటీ. నాకెందుకు తట్టలేదు?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నావు, అందుకు."

మర్నాడు నేను మందుల ట్రాలీతో ల్యాండింగ్ మీదికి వెళ్లేసరికి వాడు నంబరు నొక్కుతున్నాడు. రెండుసార్లు మోగినట్టుంది. వాడు రిసీవర్ పట్టుకుని, నుదురు గోడకు ఆనించాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికెళితే నవ్వుతున్నాడు, కళ్లనిండా నీళ్లతో.

"కట్ చేసింది ఆంటీ! మళ్లీ కట్ చేసింది!"

పాపం, చేతి అలవాటు. వాడు మళ్లీ నొక్కాడు. "అమ్మా" అనడం వినగానే నేను ట్రాలీ తోసుకుంటూ పక్క గదికి వెళ్లిపోయాను.

అంతకుముందు ఏ ఖైదీ అయినా "ఇంట్లోవాళ్లకి నేనక్కర్లేదు" అంటే అలాగే రాసుకుని, నిద్ర పడుతోందా అని అడిగేదాన్ని. సుధీర్ తర్వాత మాత్రం "వాళ్లు ఏం చేశారు?" అని గుచ్చి గుచ్చి అడుగుతున్నాను. నిజంగా వదిలేసుకున్న ఇళ్లూ ఉంటాయి, కాదనను. కానీ తప్పు చేసి లోపల కూర్చున్నవాడికి ప్రతి మౌనమూ శాపంలాగే వినిపిస్తుంది. అవతల ఒక తల్లి, కుడుతున్న మిషన్ ఆపేసి, ఫోన్ ఎందుకు కలవడం లేదో తెలియక మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండవచ్చు.